అల్లుడి స్వెటరు

అత్తగారికి క్రికెట్ అంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఇరవై ఆరేళ్లుగా ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని గౌన్లు, చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతూ వచ్చిన మనిషి. వీధిలో పిల్లలు కొట్టిన బంతి కిటికీ అద్దానికి తగిలినప్పుడు తప్ప ఆ ఆట ఒకటుందని ఆవిడకి గుర్తొచ్చేది కాదు. అలాంటిది, ఒక్కగానొక్క కూతురు పోయి పోయి దేశం తరఫున ఓపెనింగ్ బ్యాటింగ్ చేసే అబ్బాయిని చేసుకుంది.

పెళ్లయి మూడేళ్లయినా అత్తా అల్లుళ్లు మాట్లాడుకున్నదంతా కలిపి రాస్తే పోస్టుకార్డు నిండదు. ప్రయాణం బాగా జరిగిందా అని ఈవిడ అడిగితే జరిగిందండీ అని అతనూ, భోంచేశారా అంటే అయిందండీ అని అతనూ, అక్కడితో సరి. అతను నెమ్మదస్తుడు, ఈవిడకి మొహమాటం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవమే. ఆ గౌరవమే అడ్డుగోడై కూర్చుంది.

ఆ ఏడాది జట్టు ఐదు టెస్టులు ఆడటానికి పై దేశం వెళ్లింది. పర్యటన రెండున్నర నెలలు. మూడో టెస్టుకి కుటుంబాలు వచ్చి పదిహేను రోజులు ఉండొచ్చని బోర్డు ఒప్పుకుంది. కూతురి ఒళ్లో ఏడు నెలల పసిపిల్ల. పిల్లనేసుకుని ఒక్కదాన్నీ అంత దూరం రాలేను, నువ్వు రావాల్సిందేనని తల్లిని కూర్చోబెట్టి ఒప్పించింది. మామగారు రాలేదు. ఆయనకి విమానం ఎక్కడం కంటే ఎక్కేవాళ్లకి చెయ్యి ఊపడం ఇష్టం.

దిగీ దిగగానే అత్తగారి పళ్లు టకటకలాడాయి. అక్కడ అది వేసవి అట. ఇదే వేసవైతే వీళ్ల చలికాలం ఎవరు భరిస్తారమ్మా అనుకుంటూ ఆవిడ శాలువా తలమీదుగా లాక్కుంది. హోటల్లో వాళ్లకి పక్కపక్కనే రెండు గదులిచ్చారు. మధ్యలో ఒక తలుపు. కిటికీలోంచి చూస్తే సన్నటి తుంపర, గొడుగులు, ఎదురుగా తడిసి మెరుస్తున్న మేడల కప్పులు.

అల్లుడు పిల్లని ఎత్తుకుని ఆడించాడు, అత్తగారిని ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు. కానీ మనిషిలో మనిషి లేడు. మొదటి రెండు టెస్టుల్లో అతని పరుగులు నాలుగు, సున్నా, పదకొండు, ఏడు. నాలుగుసార్లూ ఒకే తీరు. బ్యాటు అంచుకి బంతి తగలడం, వికెట్ల వెనక పక్కగా వరసకట్టి నిలబడే స్లిప్పు ఫీల్డర్ల చేతుల్లో పడటం. మూడో టెస్టులో కూడా ఇంతే అయితే ఇక పెట్టె సర్దుకోవచ్చని పత్రికలవాళ్లు రాసేశారు. జట్టు మొదటి టెస్టు ఓడిపోయింది. రెండోది వాన పుణ్యమా అని గట్టెక్కింది.

కూతురు విమానంలోనే తల్లికి గట్టిగా చెప్పిపెట్టింది, ఆయన ముందు క్రికెట్ మాట ఎత్తొద్దని. అత్తగారికి నవ్వొచ్చింది. ఎత్తడానికి తనకేం తెలుసని.

తెలిసింది రెండో రోజు.

ఆ రోజు కుటుంబాలని ప్రాక్టీసు చూడటానికి తీసుకెళ్లారు. వలలు కట్టిన వరసల వెనక, తడి గడ్డి మీద, పిల్లని భుజాన వేసుకుని అత్తగారు నిలబడింది. ఎవరినైనా చూస్తే అందరి కళ్లూ మొహం మీదకి పోతాయి. ఈవిడ కళ్లు భుజం కుట్టు మీదకి పోతాయి. అల్లుడు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. బౌలర్ పరిగెత్తుకొస్తుంటే బ్యాటు వెనక్కి ఎత్తాడు. ఎత్తగానే ఒంటి మీది తెల్ల స్వెటరు మొత్తం జానెడు పైకి లేచింది, కుడి చంక కింద ఊలు తాడులా బిగుసుకుంది. బంతి వెళ్లిపోయాక అతను ఎడం చేత్తో స్వెటరు అంచు కిందికి లాక్కున్నాడు. మళ్లీ బంతి, మళ్లీ పైకి, మళ్లీ లాక్కోవడం. ఇరవై బంతులకి ఇరవైసార్లు.

అవతల కోచ్ కాళ్ల గురించి ఏదో చెబుతున్నాడు. కూతురు తల్లి చెవిలో, చూశావా, ఆ అంచు లాక్కోవడం ఈ మధ్యే మొదలైంది, అది భయానికి గుర్తని టీవీలో రోజూ చూపించి మరీ చెబుతున్నారు అని బాధపడింది.

"అది భయం కాదే," అంది అత్తగారు. "చంక దగ్గర పట్టేస్తోంది."

"అమ్మా, ఆయనకి సలహా ఇవ్వనివాళ్లు ఈ భూమ్మీద నువ్వొక్కదానివే మిగిలావు. లిఫ్టు దగ్గరుండే ఆయన కూడా నిన్న ఎడం కాలు ఇంకాస్త ముందుకెయ్యమన్నాడు. నువ్వు కూడా మొదలెట్టకు."

"నేను ఆట గురించి అనలేదు. స్వెటరు గురించి అన్నాను."

అయినా కూతురు వినలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని అత్తగారు ఊరుకుంది. ఊరుకున్నదన్న మాటే గానీ ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. కుట్టు తప్పు కనబడ్డాక చేతులు కట్టుకుని కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. పరాయివాళ్ల పెళ్లిలో కూడా ఎవరి గౌను వీపు మీదైనా ముడత కనిపిస్తే పిన్నీసు పట్టుకుని వెనకాలే తిరిగే మనిషి.

మర్నాడు పొద్దున అల్లుడు జట్టు మీటింగుకి వెళ్లాడు. స్వెటరు కుర్చీ వీపుకి వేలాడుతోంది. అత్తగారు దాన్ని తిరగేసి చూసింది. అనుకున్నదే. ఈసారి బట్టలు పంపింది కొత్త కంపెనీ. చంక గుంటని నాలుగు వేళ్లు కిందికి దించి కోశారు, చేతులేమో సన్నంగా పెట్టారు. నిలబడి ఫొటో దిగితే సినిమా హీరోలా ఉంటుంది. చెయ్యెత్తితే మాత్రం ఒళ్లంతా పట్టుకుని లాగుతుంది. బౌలర్లకి బాధ లేదు, బంతి వేసేముందు విప్పేస్తారు. మిగతా బ్యాట్స్‌మన్లు విప్పేసి ఆడుతున్నారు. ఈ అబ్బాయికేమో చలి పడదు. స్వెటరు లేకపోతే వేళ్లు కొయ్యబారిపోతాయి.

మ్యాచ్‌కి ఇంకా ఒక రోజు ఉంది. దారపుండ కొనుక్కొస్తానని కూతురికి చెప్పి, స్వెటరు సంచిలో పెట్టుకుని అత్తగారు బయటపడింది.

హోటల్ వెనక రెండో సందులో ఒక దర్జీ కొట్టు ఉందని పిల్లని తిప్పేటప్పుడు చూసిపెట్టుకుంది. ఇరుకు కొట్టు. కిటికీలో తలలేని బొమ్మకి సగం కుట్టిన కోటు. గోడకి వరసగా దారపు రీళ్లు. ఇస్త్రీ ఆవిరి వాసన. లోపల మెడలో టేపు వేసుకున్న ముసలాయన, ముక్కు చివర కళ్లజోడు. ఆయన భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష ఆయన పుట్టి ఎరగడు. అత్తగారు స్వెటరు బల్ల మీద పరిచి, తన కుడి చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో చంక కింద పిడికిలి బిగించి చూపించింది. ముసలాయన స్వెటరు తిరగేసి, గుంట లోతు వేళ్లతో కొలిచి, నాలిక చప్పరించాడు. ఆ చప్పుడు ఏ దేశం దర్జీకైనా తెలుస్తుంది.

తర్వాత పని దానంతటదే నడిచింది. ఆయన బల్ల కిందనుంచి పాత ఊలు ముక్కల పెట్టె లాగాడు. ఇద్దరూ వెతికి దగ్గర రంగున్న ముక్క ఒకటి పట్టారు. సుద్దతో అత్తగారు దాని మీద, చంక కింద అతికేందుకు అరచేతంత పలక ముక్క గీసింది. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకో వేలెడు పెంచాడు. ఈవిడ ఆలోచించి, సరేనంది. బ్లేడుతో కుట్లు విప్పి రెండు చేతులూ ఊడదీశారు. ఊలు కదా, కోసిన అంచు జారిపోకుండా మిషన్ మీద చుట్టుకుట్టు వెయ్యాలి. అది కరెంటు మిషన్. కాలితో తొక్కే మిషన్ అలవాటైన అత్తగారు మొదటిసారి నొక్కేసరికి అది గుర్రంలా దౌడు తీసింది. ముసలాయన నవ్వి, కాలు ఎంత నెమ్మదిగా ఆనించాలో చూపించాడు.

సరిగ్గా అప్పుడే కొట్టు తలుపు గంట మోగింది. వచ్చింది అల్లుడు. వెనకాల పిల్లనెత్తుకుని కూతురు.

మధ్యాహ్నం ప్రాక్టీసు ఉందని, స్వెటరు ఎక్కడా కనబడక గదంతా తిరగేస్తున్నాడని, దారపుండ అనగానే తనకి అనుమానం వచ్చిందని కూతురు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అల్లుడు బల్ల మీద చూశాడు. దేశం గుర్తు కుట్టిన స్వెటరు, చేతులు ఒకవైపు, ఒళ్లు ఒకవైపు. రేపు మ్యాచ్. అతని కొలతకి ఉన్నది అదొక్కటే.

అత్తగారికి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. కానీ చేతిలో సూది ఉన్నప్పుడు ఆవిడ వేరే మనిషి. ఎదురుగా ఉన్నది అల్లుడన్న సంగతే మర్చిపోయింది.

"ఇలా వచ్చి నిలబడు," అంది. "చెయ్యెత్తు."

అల్లుడు నిలబడ్డాడు. దేశం తరఫున నలభై టెస్టులు ఆడిన మనిషి, స్కూలు యూనిఫారం కొలతకొచ్చిన కుర్రాడిలా చెయ్యెత్తాడు. అత్తగారు స్వెటరు ఒళ్లు తొడిగి, చేతులు ఎక్కించి, చంక కింద కొత్త ముక్క పెట్టి పిన్నీసులు గుచ్చింది. ముసలాయన మూలనున్న పొడుగు గొడుగు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆట ఆయనకి తెలిసినట్టే ఉంది.

అల్లుడు గొడుగు వెనక్కి ఎత్తాడు. స్వెటరు అంచు కదల్లేదు. దించాడు, మళ్లీ ఎత్తాడు. ఈసారి ముందుకి అడుగేసి లేని బంతిని కొట్టాడు. ఇస్త్రీ బల్ల కొద్దిలో తప్పించుకుంది. ఇంకోసారి. ఇంకోసారి. అతని ఎడం చెయ్యి అలవాటుగా అంచు కోసం కిందికి పోయి, అక్కడ లాగడానికేమీ లేక ఆగిపోయింది.

"నాకు తెలుసు అత్తయ్యా," అన్నాడు గొడుగు దించి. "మొదటి రోజునుంచీ పట్టేస్తోంది. బ్యాటు దిగడం కాస్త ఆలస్యమవుతోందని నాకే అనిపించింది. ఎవరితో చెప్పను? నాలుగుసార్లు ఔటయ్యాక స్వెటరు బాలేదంటే, ఆడలేక మద్దెల ఓడన్నాడంటారు."

"ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడవుతుంది బాబూ," అంది అత్తగారు పళ్ల మధ్య పిన్నీసుతోనే.

అల్లుడు నవ్వాడు. మూడేళ్లలో అతను పళ్లు కనబడేలా నవ్వడం ఆవిడ చూడటం అదే మొదలు. అప్పుడు గుర్తొచ్చింది, అల్లుణ్ణి నువ్వు అనేసిందని. నాలిక కరుచుకుని, మీరు మీరు అంటూ సర్దుకోబోయింది. అతను వద్దన్నాడు. ఇంకో గంటలో స్వెటరు సిద్ధమైంది. కొత్త ముక్క రంగు రవ్వంత తేడా. కానీ చంక కింద ఎవరు చూడొచ్చారు.

మర్నాడు మన జట్టే ముందు బ్యాటింగ్. అత్తగారు శాలువా, దాని మీద అల్లుడి పాత కోటు వేసుకుని స్టాండులో కూర్చుంది. అల్లుడు రెండు ఫోర్లు కొట్టాడు. ఆరో ఓవర్లో ఒక బంతి నేలకి తగిలి పైకి లేవాల్సింది పోయి, ఎలక పాకినట్టు నేలబారుగా దూరి వికెట్లు ఎగరగొట్టింది. తొమ్మిది పరుగులు.

అత్తగారు మళ్లీ తలెత్తలేదు. పిల్లకి పాలు పట్టాలని చెప్పి టీలు అమ్మే గది వెనక్కి వెళ్లి కూర్చుంది. ఉన్న స్వెటరు కాస్తా పాడుచేశాననీ, లేనిపోని పెద్దరికం నెత్తికెత్తుకున్నాననీ తనని తాను తిట్టుకుంది. సాయంత్రం హోటల్ వరండాలో అల్లుడు ఎదురైతే పక్కకి తప్పుకోబోయింది. అతనే ఆపాడు. ఆ బంతి ఎవరికి పడినా ఔటేనని, అందులో స్వెటరు తప్పూ లేదు, తన తప్పూ లేదని నిదానంగా చెప్పాడు. మిగతా పదహారు బంతులకీ బ్యాటు టైముకి దిగిందట. బయట చూసేవాళ్లకి తొమ్మిదే కనిపిస్తుంది, నాకు మాత్రం ఆ పదహారు కనిపిస్తున్నాయి అన్నాడు. అతను అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి అత్తగారు నమ్మింది.

ఆ మర్నాడు పొద్దున్నే గది తలుపు కొట్టారు. తీస్తే తలుపుకంటే ఎత్తుగా ఒక మనిషి. జట్టులో అందరూ నిచ్చెన అని పిలిచే ఫాస్ట్ బౌలర్. చేతిలో స్వెటరు. ఫీల్డింగులో బంతి విసరబోతే చెయ్యి లేవట్లేదని, సంగతి తెలిసిందని, వీలుంటే తనదీ కాస్త చూడమని సిగ్గుపడుతూ అడిగాడు. అతని వెనక వికెట్ కీపర్. కీపర్ వెనక ఇంకో ఇద్దరు. రోజూ పొద్దున ఆట మొదలయ్యేలోగా అత్తగారు సంచితో దర్జీ కొట్టుకి వెళ్లడం, ముసలాయన ముక్కలు సిద్ధంగా కోసి ఉంచడం, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎవరి భాషలో వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కుట్టడం మొదలైంది. ఆవిడ కూతురి కాన్పు గురించి చెప్పేది. ఆయన దేని గురించి చెప్పేవాడో గానీ మధ్యలో ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చేవాళ్లు.

సంగతి టీమ్ మేనేజర్ చెవిన పడింది. రూల్సు మనిషి. కంపెనీ ఇచ్చిన బట్టల్లో సూది పెట్టడానికి వీల్లేదని, ఒప్పందంలో రాసుందని చెప్పడానికి అత్తగారి గదికే వచ్చాడు. మంచం మీద ఐదు స్వెటర్లు పోగుపడి ఉన్నాయి. అన్నిటికంటే పైన కెప్టెన్‌ది. మేనేజర్ దాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఇవాళ వాతావరణం బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. పది నిమిషాలకి తన ప్యాంటు పట్టుకుని తిరిగొచ్చాడు. ఈ మధ్య నడుం దగ్గర బిగుతవుతోందట. ఉతికినప్పుడు కుంచించుకుపోయి ఉంటుందని అత్తగారే సర్దిచెప్పి రెండంగుళాలు వదిలింది.

ఐదో రోజు అందరికీ ఊపిరాడని రోజు. గెలవాలంటే నాలుగొందల చిల్లర పరుగులు కావాలి, అది అయ్యే పని కాదు. సాయంత్రం దాకా పది మందీ ఔటవకుండా నిలబడితే చాలు, మ్యాచ్ డ్రా అవుతుంది. అత్తగారు అల్లుడితో చెప్పి ముసలాయనకి ఒక పాసు ఇప్పించింది. ఆయన మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

అల్లుడు పొద్దున్నుంచీ ఆడుతూనే ఉన్నాడు. బంతి వస్తోంది, బ్యాటు లేస్తోంది, దిగుతోంది. అత్తగారికి పరుగులు అర్థం కాలేదు, లెక్కా పెట్టలేదు. ఆవిడ చూసింది ఒక్కటే, అల్లుడి ఎడం చెయ్యి. అది ఒక్కసారి కూడా స్వెటరు అంచు మీదకి పోలేదు. భోజనాల వేళ అయింది, టీ వేళ అయింది, అతను అక్కడే ఉన్నాడు. చలిగాలి కోసేస్తోంది. టీ తర్వాత ఎనభై ఆరు దగ్గర అలసిపోయి ఒక బంతిని గాల్లోకి లేపాడు, పట్టేశారు. మైదానం మొత్తం లేచి నిలబడింది. మన వాళ్లే కాదు, ఆ ఊరివాళ్లు కూడా. కూతురు ఏడుస్తూ నవ్వుతోంది. అప్పటిదాకా కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంకా గంటన్నర ఉంది. తర్వాతివాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు, వచ్చారు. చివరికి నిచ్చెన మిగిలాడు. బ్యాటు ఎలా పట్టుకోవాలో కూడా రాదని పేరుపడ్డ మనిషి, నలభై నిమిషాలు గడకర్రలా నిలబడ్డాడు. వెలుతురు తగ్గి అంపైర్లు వికెట్ల మీది బెయిల్స్ తీసేశారు. మ్యాచ్ డ్రా.

అల్లుడి కాళ్లని సరిదిద్దడం వల్లే ఇదంతా సాధ్యమైందని కోచ్ పత్రికలవాళ్లకి చెప్పాడు. కూతురికి ఒళ్లు మండిపోయింది, వెళ్లి అసలు సంగతి చెప్పేస్తానంది. అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన కష్టమూ ఉండే ఉంటుందిలే, స్వెటరు ఒక్కటీ అన్ని గంటలు నిలబడి ఆడదుగా అంది. ఆ మాట అన్నాక తనకే నిజమనిపించి, అల్లుడు ఎంతసేపు ఆ చలిలో నిలబడ్డాడో అప్పుడు తలుచుకుంది.

జనం వెళ్లిపోయారు. ముసలాయన అత్తగారికి వంగి దణ్ణం లాంటిదేదో పెట్టి, పిల్ల బుగ్గ తట్టి కొట్టుకి బయల్దేరాడు. కూతురు సామాను తేవడానికి వెళ్లింది. స్నానం చేసి తల తడిగానే అల్లుడు స్టాండులోకి వచ్చి, పిల్లని ఒళ్లోకి తీసుకుని, అత్తగారి పక్కన ఖాళీ సీట్లో కూర్చున్నాడు. కింద మైదానంలో పనివాళ్లు పిచ్ మీద పట్టా కప్పుతున్నారు.

"ఒక మాట అడగనా?" అంది అత్తగారు.

"అడగండి అత్తయ్యా."

"ఐదు రోజులు ఆడారు. మనమూ గెలవలేదు, వాళ్లూ గెలవలేదు. మరి మనవాళ్లంతా గెలిచినట్టు ఎందుకు కౌగలించుకున్నారు?"

అల్లుడు ఆమె మొహంలోకి చూశాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగిందని అర్థమైంది. ఈ నెలన్నరలో అతన్ని ఆట గురించి అడిగినవాళ్లంతా ఎందుకు ఔటయ్యావనే అడిగారు. పిల్లని ఇంకో మోకాలి మీదకి మార్చుకుని, ముందుకి వంగి, అదిగో ఆ పట్టా కప్పుతున్న చోటునుంచి మొదలుపెడదాం అన్నాడు. మొదటి రోజు పిచ్ ఎలా ఉంటుందో, ఐదో రోజుకి ఎందుకు పగుళ్లిస్తుందో, అరిగిపోయిన బంతి కొత్త బంతికంటే ఎందుకు మాయ చేస్తుందో చెప్పుకుంటూ వెళ్లాడు. అత్తగారు మధ్యమధ్యలో ఆపి అడుగుతోంది. బంతికి కూడా కుట్టు ఉంటుందని, ఆ కుట్టు నేలకి తగిలేతీరునిబట్టే అది దారి మారుతుందని అతను చెప్పగానే ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. ఆ కుట్టు చేత్తో వేస్తారా, మిషన్ మీదా అని అడిగింది. అల్లుడు పదిహేనేళ్లుగా ఆడుతున్నా ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. రేపు ఒక బంతి తెచ్చిస్తాను, మీరే చూసి చెప్పండి అన్నాడు.

సామానుతో వచ్చిన కూతురు మెట్ల దగ్గరే ఆగిపోయింది. బస్సు బయల్దేరుతోందని చెప్పాలి. తల్లి ఏదో అడుగుతోంది, భర్త చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, పిల్ల ఇద్దరి మధ్యా నిద్రపోయింది. బస్సు రెండు నిమిషాలు ఆగమని చెప్పడానికి ఆమె మళ్లీ కిందికి దిగింది.